ఊకలో ఐసుగడ్డ

మంచుకొండల మాట ఎక్కడ విన్నా నాకు బోధన్ బస్సే గుర్తొస్తుంది. నడివేసవి. పక్కసీటు రైతు ఒళ్లో తడి గోనెసంచి, అందులో ఊకలో పొదిగిన ఐసుగడ్డ.

“బిడ్డకు జెరం. నెత్తిమీద పెట్టనీకి,” అన్నాడు.

బస్సు దారిలో చెడిపోయింది. నా చేతిలోని పత్రికలో సముద్రం మీద తేలే మంచుకొండ బొమ్మ చూసి అడిగాడు.

“గది కరిగితె సముద్రం సల్లవడ్తదా, సారూ?”

“చుట్టూ కొంతమేర చల్లబడుతుంది. పొగమంచు కమ్ముతుంది. ఉప్పునీళ్లలో మంచినీళ్లు కలుస్తాయి.”

“మొత్తం కరిగినంక?”

“మళ్లీ ఎప్పటిలాగే.”

సంచిలోంచి కారిన నీళ్లు నా చెప్పుల కిందికి వచ్చాయి. బస్సు కదిలేసరికి పొద్దు వాలింది. తన ఊరు రాగానే, తడి ఊక తప్ప ఏమీ మిగలని ఆ సంచిని రెండు చేతులా ఎత్తుకొని, జాగ్రత్తగా దిగాడు.