రెండు లైన్ల అల్లుడు

దేజాన్ నగరంలో నీటి సరఫరా ఆఫీసులో పనిచేసే ప్యో గ్వాంగ్‌మోకి ఇంటర్నెట్ గురించి తెలియనిది లేదు. కావాలంటే ఆయన్నే అడగండి. అడక్కపోయినా చెబుతాడు. పదకొండో అంతస్తులోని ఆ ఇంట్లో, టీవీ పక్కన దీపాలు మిణుకుమిణుకుమనే నల్ల పెట్టె ఆయన ఘనకార్యమే. అందరి ఇళ్ళకీ ఒక కంపెనీ లైనుంటే, ఈయనగారి రౌటర్‌లోకి రెండు కంపెనీల లైన్లు దూరతాయి. ఒకదానికి ‘అన్న’ అనీ, రెండోదానికి ‘తమ్ముడు’ అనీ చీటీలు కూడా అంటించాడు.

ఇదంతా అత్తగారి కోసం. జాంగ్ మల్సూన్ గారికి ఈ ఏడు డెబ్బై నిండుతాయి. ఆవిడకి ట్రాట్ అనే పాతతరం బాణీ పాటలు పాడే ఒక గాయకుడంటే ప్రాణం. అతగాడి కచేరీ టిక్కెట్లు రాత్రి ఎనిమిదింటికి నెట్‌లో పెడితే రెండు నిమిషాల్లో ఒక్కటీ మిగలదు. వాటిని పట్టుకొచ్చి పెద్దావిడ చేతిలో పెట్టడమే ఇక్కడి అల్లుళ్ళకి పరీక్ష. గ్వాంగ్‌మో వరసగా రెండేళ్ళు తప్పాడు. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. ఆ అనకపోవడమే ఆయన్ని కాల్చుకు తింది.

లైన్లు బిగించిన మెకానిక్ వెళ్తూ వెళ్తూ ఒక మాట చెప్పాడు. ఒకటే వాడుకోండి, అది పోతే రెండోది అందుకునేలా పెట్టుకోండి, ముఖ్యమైన పనులప్పుడు రెండూ కలపకండి అని. తీగలు లాగేవాడికేం తెలుసు! గ్వాంగ్‌మో రెండూ వంతులవారీగా పనిచేసేలా సెట్టింగు మార్చేశాడు. బ్యాంకు సైటు తనని మధ్యలో బయటికి తోసేస్తోందని భార్య హ్యేజిన్ మొత్తుకుంటే, అది బ్యాంకు తప్పన్నాడు.

టిక్కెట్ల రోజున మల్సూన్ గారు స్నేహితురాళ్ళతో, నూడుల్స్ కూడా వడ్డించే వీధి చివరి నెట్ సెంటర్‌కి బయల్దేరారు. గ్వాంగ్‌మోకి తల తీసేసినట్టయింది.

“ఇంట్లో రెండు లైన్లు పెట్టుకుని, ఆ గేములాడే కుర్రాళ్ళ మధ్య కూర్చుంటారా అత్తయ్యా?”

“నీ పని నువ్వు చూసుకో అల్లుడూ. నేను నూడుల్స్ తినడానికి పోతున్నాలే,” అన్నారావిడ బూట్లు వేసుకుంటూ.

ఎనిమిదింటికి గ్వాంగ్‌మో నొక్కాడు. లక్ష మంది వరసలో ఆయన నంబరు మూడు వందల పన్నెండు. అది చకచకా తగ్గింది. నలభై. ఆరు. సీట్ల పటం తెరుచుకుంది. పక్కపక్కన రెండు కుర్చీలు ఎంచుకున్నాడు. సరిగ్గా అప్పుడే రౌటర్ తనకి చెప్పిన పని తాను చేసింది. అంతదాకా అన్న మీదుగా వెళ్ళినవాణ్ణి తమ్ముడి మీదుగా పంపింది. ఒకే మనిషి రెండిళ్ళ నుంచి వస్తుంటే సైటు ఊరుకుంటుందా? దొంగ అనుకుని బయటికి గెంటింది. మళ్ళీ వరసలో నిలబడితే నంబరు తొంభై ఒక్క వేలు. ఆయనకి నిజంగానే ఏడుపొచ్చింది. మెకానిక్ మాట కూడా గుర్తొచ్చింది, మహా తొందరగా.

అరగంటకి మల్సూన్ గారు తిరిగొచ్చారు. చేతిలో ఫోను, ఫోనులో రెండు టిక్కెట్లు. అక్కడ ఎన్ని లైన్లున్నాయని నేల చూపులు చూస్తూ అడిగాడు అల్లుడు.

“ఏమో మరి. నా ముందున్న కంప్యూటర్‌కి ఒకటే తీగ కనబడింది.”

రెండో టిక్కెట్టు తనదేననుకుని హ్యేజిన్ చెయ్యి చాపింది. తల్లి ఫోను వెనక్కి లాక్కున్నారు.

“ఇది అల్లుడికి. ఇతన్ని నాతో తీసుకుపోతే, ఆ కచేరీ మూడు గంటలన్నా నీకు ఇంట్లో నెట్ సరిగ్గా వస్తుంది.”

గ్వాంగ్‌మో లేచి వెళ్ళి తమ్ముణ్ణి పీకేశాడు. హ్యేజిన్ బ్యాంకు పని ఆ పూటే అయిపోయింది.