మింగిన మందు

కొత్త మందు డబ్బా విప్పగానే లోపలి పల్చటి కాగితం గరగరమంటుంది. బంగారుపాళ్యంలోని నా మందుల షాపులో ఆ చప్పుడు వింటే చాలు, మునిరత్నం సార్ గుర్తొస్తారు. తిరుచానూరులో ఆయన షాపులోనే నేను ఫార్మసిస్టుగా పని మొదలుపెట్టాను. అందరూ నలిపి పారేసే ఆ కాగితాన్ని ఆయన కళ్లద్దాలు తుడుచుకుని మరీ చదివేవారు. "ఏముండాది సార్ అందులో, పోయినతూరి చదివిందే కదా?" అని ఎగతాళి చేసేదాన్ని. "మందు అదే. నేను మర్సిపోయి ఉంటా గదమ్మా" అనేవారు.

ఒకసారి ఇద్దరం తిరుపతిలో ఫార్మసిస్టుల రిఫ్రెషర్ క్లాసుకు వెళ్లాం. నా దృష్టిలో అది సంతకం పెట్టి, భోంచేసి, సర్టిఫికెట్ తెచ్చుకునే పని. ఆయాసానికి ఇచ్చే పీల్చే మందు ఎలా వాడాలో ఎవరైనా చేసి చూపించమని క్లాసు చెప్పే మేడమ్ అడిగితే, లేచింది సార్ ఒక్కరే. నేర్పడానికి తెచ్చిన ఉత్తి పొడి క్యాప్సూల్‌ను చిన్న ప్లాస్టిక్ పరికరంలో వేసి, తిప్పి, నోట్లో పెట్టుకుని, పీల్చబోయి ఊదేశారు. పొడంతా చొక్కా మీద పడింది. హాలంతా ఒకటే నవ్వు. "ఇన్నేండ్లుగా అమ్ముతా ఉండానమ్మా, ఒక్కనాడన్నా నోట్లో పెట్టి సూసుకోలేదు. ఇంగోసారి నేర్పించు" అన్నారాయన. సిగ్గు నాకేసింది, ఆయనకు కాదు.

మర్నాడు పూలమ్మే మంగమ్మ షాపుకొచ్చింది. ఆయాసం తగ్గలేదని డాక్టరు అదే పీల్చే మందును పెంచి రాశారట. మాటమాటకూ ఆగి ఊపిరి తీసుకుంటోంది. అలవాటుగా డబ్బా ఇవ్వబోతున్న నన్ను సార్ ఆపారు.

"మంగమ్మా, ఎట్ట వాడతా ఉండావో ఒకసారి సూపించు."

"నీళ్లియ్యి నాయనా, మింగి సూపిస్తా."

"మరి ఆ ప్లాస్టిక్‌ది?"

"దాంతో మా మనవరాలు ఆడుకుంటాది."

నాకు తల కొట్టేసినట్టయింది. కవరు మీద 'పొద్దున ఒకటి, రాత్రి ఒకటి' అని రాసిచ్చింది నేనే. సార్ వెంటనే డాక్టరుకు ఫోన్ చేసి సంగతి చెప్పారు. పాత మోతాదే చాలన్నారు డాక్టరు. సార్ ఆమెను కూర్చోబెట్టి, కొత్త పరికరం ఇచ్చి, పీల్చడం వచ్చేదాకా వదల్లేదు.

కొన్ని వారాలకు మంగమ్మ వచ్చి, ఎక్కడా ఆగకుండా ఇంటి సంగతులన్నీ చెప్పిపోయింది. నాకు పట్టరాని సంతోషం. సార్ మాత్రం నవ్వలేదు.

"ఈమె తిరిగొచ్చింది గాబట్టి తెలిసింది. రాకుండా పోయినోళ్ల సంగతేందమ్మా?"

సార్ ఇప్పుడు లేరు. ఆ రానివాళ్లలో నా చేతి రాతతో కవరు పట్టుకెళ్లినవాళ్లు ఎందరో నాకు తెలియదు. అందుకే మెట్లు దిగుతున్నవాళ్లను కూడా వెనక్కి పిలిచి, మందు ఎలా వాడతారో చూపించమంటాను. బస్సు వెళ్లిపోతుందని విసుక్కుంటారు. వెనకాల ఇంకోటి వస్తుంది, రండి అంటాను.