ఐదు కుర్చీల కాపలా

ఎక్కడికెళ్లినా పెద్దత్తయ్య ముందు కుర్చీలు పట్టాల్సిందే. నగరంలో జరిగే తిండి పండుగకు వెళ్దామని పట్టుబట్టింది ఆవిడే. తీరా వచ్చాక చెట్టు నీడన ఐదు కుర్చీలు చూసి, ఒకదానిపై సంచి, ఇంకోదానిపై గొడుగు, మరోదానిపై కళ్లజోడు డబ్బా, నాలుగోదానిపై రుమాలు పరిచి, ఐదోదానిలో తిష్ఠ వేసింది. "మావాళ్లు వస్తున్నారండీ" అంటూ అడిగినవాళ్లందరినీ తరిమింది. వేపుళ్ల వాసనకు కడుపులో ఎలుకలు పరుగెడుతున్నా కదల్లేదు. రెండు గంటల తర్వాత కొడుకూ కోడలూ ఇద్దరు పిల్లలతో మూతులు తుడుచుకుంటూ వచ్చారు.

"దుకాణాల దగ్గరే నిలబడి తినేశాం అత్తయ్యా. మీకు ఈయన తెచ్చిచ్చారనుకున్నా."

"నువ్విచ్చావనుకున్నానే!" అన్నాడు కొడుకు.

"నా ఖర్మ! మరి ఇవన్నీ ఎవరికోసం కాశానురా? కూర్చోండి నలుగురూ!" పెద్దత్తయ్య విసురుగా లేచింది. "నేను తినొచ్చేదాకా కదిలారో, ఊరుకోను. నా కుర్చీ ఎవరికీ ఇవ్వకండి."