ఒక కంటికి తెలుపు

అద్దకం కార్ఖానాలో ఆయన్ని అందరూ జడ్జిగారనేవారు. జడ్జీ కాదు, పాడూ కాదు. రంగు సరిచూసే మనిషి. ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర బల్ల వేసుకుని, కొనేవాళ్ళు పంపిన నమూనా గుడ్డ పక్కన కొత్తగా అద్దిన గుడ్డ పరిచి, ఒక్క చూపు చూసి "కలిసింది" అనేవాడు, లేదా "మళ్ళీ ముంచండి" అనేవాడు. ఆ మాటకు అప్పీలు లేదు. కొత్తగా చేరినవాడెవడైనా "కలిసిందనుకుంటానండీ" అని నసిగాడో, అయిపోయాడే! "అనుకునేవాళ్ళు ఇంటి దగ్గర కూర్చుని అనుకోండి. ఇక్కడ చూసేవాళ్ళు కావాలి!" అని కసిరేవాడు. ఆయనకు కళ్ళు నెత్తికెక్కాయని గిట్టనివాళ్ళు అనేవారు. గిట్టేవాళ్ళు కూడా అనేవారు, కాకపోతే మెల్లగా.

ఆ కార్ఖానాలోనే రంగులు కలిపే పని ఆయన బావమరిదిది. భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. పనిలో పెట్టించింది ఈయనే, తీయించిందీ ఈయనే.

ఆసుపత్రి దుప్పట్ల కోసం తెల్లగుడ్డ తయారైన రోజది. తెలుపు కూడా ఒక రంగేనా అనకండి. ఆ పనిలో అన్నిటికన్నా మొండిది అదే. జడ్జిగారు చూశాడు, "కలిసింది" అన్నాడు. బావమరిది కదల్లేదు.

"పసుపు ఛాయ వచ్చింది బావా. మళ్ళీ ఉడికిద్దాం."

"ఎక్కడరా పసుపు? రెండూ పాలలా ఉంటే!"

"నాకు కనబడుతోంది బావా."

"పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చనే!" అన్నాడు జడ్జిగారు. పనివాళ్ళు గొల్లున నవ్వారు. బావమరిది మరీ మొండికేసి సరుకు బండి ఎక్కనివ్వలేదు. నలుగురిలో తన మాట కాదన్నాడన్న ఉక్రోషంతో ఈయన తిన్నగా యజమాని గదికెళ్ళి, "లేని రంగు చూసేవాడు ఉన్న రంగేం కలుపుతాడండీ? వీడి కన్ను పనికి రాదు" అన్నాడు. సాయంత్రానికి బావమరిది పని ఊడింది. ఊళ్ళో ఏ అద్దకంవాడూ అతన్ని మళ్ళీ పెట్టుకోలేదు. జడ్జిగారు కాదన్న కన్నుతో ఎవరికేం పని?

దుప్పట్లు వెళ్ళాయి. ఎవరో రోగులు కప్పుకున్నారు, ఎవరూ ఏమీ అనలేదు. అదే ఈయనకు రుజువైపోయింది. నమూనా ముక్కనీ, సరుకు ముక్కనీ ఒక రేకు డబ్బాలో దాచుకుని, ఇంటికొచ్చిన ప్రతివాడికీ చూపించేవాడు. "చూడండి, తేడా ఉందా?" చేతిలో కాఫీ కప్పు పెట్టి మరీ అడిగితే ఉందని ఎవడంటాడు? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని లోకం చేతే అనిపించుకున్నాడు. డబ్బా మూత తీసిన ప్రతిసారీ భార్య లేచి లోపలికి వెళ్ళిపోయేది.

పని మానేశాక చూపు మసకేసింది. కుడికంటికి శుక్లం తీశారు. కట్టు విప్పిన రోజు డాక్టరు గది గోడ ఆ కంటికి పాలతెలుపు. ఆ కన్ను మూసి ఎడమకంటితో చూస్తే, అదే గోడ మీద ఎవరో టీ ఒలకబోసి తుడిచినట్టు ఉంది.

"ఇదెన్నాళ్ళ నుంచి డాక్టరుగారూ?"

"ఎవరు చెప్పగలరండీ? ఏళ్ళ తరబడి కమ్ముకుంటుంది. కమ్ముతున్నట్టు ఆ కంటితో చూసేవాళ్ళకే తెలీదు."

ఇంటికి రాగానే డబ్బా తీశాడు. కుడికంటికి రెండు ముక్కలూ రెండు రంగులు. ఎడమకంటికి ఒకటే.

"గుడ్డ పాతబడి పసుపెక్కిందేమోనే," అన్నాడు పైకి.

"నమూనా ముక్కా అదే డబ్బాలో పాతబడిందిగా," అంది భార్య.

"రెండూ ఒకేలా పాతబడాలని రూలుందా? ఏం, నీకు మొదట్నుంచీ తేడా కనబడిందా?"

"కనబడింది."

"మరి చెప్పలేదేం?"

"వచ్చినవాళ్ళందర్నీ అడిగారు. నన్నెప్పుడు అడిగారండీ?"

పాత కన్ను తప్పయితే, దానితో చూసి ఒప్పన్నవన్నీ ఏమైనట్టు? పోనీ కొత్తది ఒప్పని నమ్మకమేమిటి? దాన్ని సరిచూడాలన్నా చూడాల్సింది ఈ కళ్ళతోనే కదా! కుమిలి కుమిలి చివరికి ఒక ఊరట వెతుక్కున్నాడు: ఎవరికీ ఏదీ తెలియనప్పుడు తప్పు ఒక్కడిదెలా అవుతుంది? ఆ ఊరట జేబులో వేసుకుని, ముక్కలు చేత పట్టుకుని, క్షమించానన్న మాట కోసం బావమరిది దగ్గరికి బయల్దేరాడు.

బావమరిది ఊరి చివర గోడౌన్‌కి గేటు కాపలా. తల నెరిసింది.

"దారి తప్పావా బావా?"

జడ్జిగారు ముక్కలు స్టూలు మీద పరిచాడు. "ఈ కంటికొకలా, ఆ కంటికొకలా ఉంటోందిరా. ఏది నిజమో ఎవరికి తెలుసు చెప్పు? మనిషికి ఏదీ తెలీదురా."

బావమరిది వాటి వైపు చూడనైనా లేదు. "బాగుంది బావా. ఆ రోజు నీకు అంతా తెలుసు, నా పని పోయింది. ఇవాళ ఎవరికీ ఏమీ తెలీదు, నీ తప్పు పోయింది. రెండుసార్లూ నువ్వే గెలిచావు! సరే, ఇప్పుడు చెప్పు. తేడా ఉందా?"

జడ్జిగారు ఒక కన్ను మూశాడు, తెరిచాడు, ఇంకోటి మూశాడు. "ఉందనుకుంటా."

"అనుకునేవాళ్ళని ఇంటి దగ్గర కూర్చోమన్నావుగా. చూసి చెప్పిన నేను కూర్చున్నాను."

ఇంతలో లారీ హారన్ మోగింది. ఎర్ర చీటీ ఉంటే లోపలికి, తెల్ల చీటీ ఉంటే బయటికి. అక్కడి పద్ధతి అది. డ్రైవరు కిందికి చాచిన చీటీ జడ్జిగారికి రెండు కళ్ళకీ ఎరుపే. ఇక వీడు గేటు తీస్తాడని పక్కకు తప్పుకున్నాడు.

బావమరిది చీటీ అందుకుని, తిప్పి చూసి, తలెత్తాడు. "ఏ రంగు బాబూ ఇది?"

డ్రైవరు నవ్వాడు. "ఎర్రగా కనబడట్లేదా పెద్దాయనా?"

"కనబడుతోంది," అన్నాడు బావమరిది. "అయినా నా ఒక్కడి కన్ను చాలదు. నువ్వొకసారి చెప్పు, గేటు తీస్తాను."