తడి ఇసుకలో ఇన్సులిన్

కరెంటు పోవడమనే శాస్త్రంలో ట్వైజెల్ ఊరు మొత్తానికి లింగయ్యను మించిన పండితుడు లేడు. హుజూరాబాద్‌లో ముప్పై నాలుగేళ్లు లైన్‌మన్‌గా పనిచేసి, రిటైరయ్యాక భార్య పుష్పలతతో న్యూజీలాండ్‌లోని ఈ ఊళ్లో ఉంటున్న కూతురి దగ్గరికి వచ్చేశారు. కూతురు వర్షిణి ఇక్కడి జలవిద్యుత్ కేంద్రంలో ఇంజనీరు. తండ్రి తీసిన కరెంటంతా బిడ్డ పుట్టించి తీరుస్తోందని పుష్పలత అభిప్రాయం.

శనివారం మధ్యాహ్నం ఫోన్లలో హెచ్చరిక మోగింది. ఆదివారం సాయంత్రం గడ్డకట్టే వాన పడవచ్చు, తీగలు తెగవచ్చు, మూడు రోజులు చీకటి తప్పకపోవచ్చు. వర్షిణిని కేంద్రంలోనే ఉండమన్నారు. ఇంటి రక్షణ భారం లింగయ్య మీద పడింది. ఆయన దాన్ని పట్టాభిషేకంగా స్వీకరించారు.

స్నానాల తొట్టి నింపారు. కొవ్వొత్తులు, క్యాంపు స్టవ్వు, టార్చిలైట్లు బల్లమీద బారులు తీర్చారు. పుష్పలత చేత మూడు రోజులకు జొన్నరొట్టెలు చేయించారు. చివరికి ఫ్రిజ్ తలుపు తెరిచి, ఆమె ఇన్సులిన్ పెట్టెను బయటికి తీశారు.

"కరెంటు పోతే ఫ్రిజ్ సచ్చిపోతది. మందు చల్లగుండాలె."

"ఇల్లంత ఫ్రిజ్ లెక్కనే ఉన్నది గదయ్యా! అల్మారల పెడితే సాలదా?"

"ముప్పై నాలుగేండ్ల సర్వీసు నాది. కోతలప్పుడు నీ మందు కాపాడింది ఎవరు?"

నిజమే. హుజూరాబాద్ మే నెలల్లో కుండలో తడి ఇసుక నింపి, అందులో స్టీలు డబ్బా పూడ్చి, నీడన గాలి తగిలేచోట పెట్టి ఆమె మందును కాపాడింది ఆయనే. ఇప్పుడూ అదే విధానం, అదే శ్రద్ధ. వర్షిణి పూలకుండీలో ఇసుక తడిపి, డబ్బా పూడ్చి, వెనక వరండాలో గాలి బాగా తగిలేచోట ప్రతిష్ఠించారు.

రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు ఎనిమిది డిగ్రీల కిందికి దిగింది. తుఫాను ఇంకా బయల్దేరనే లేదు. అది మామూలు చలి.

తెల్లారేసరికి ఇసుక రాయైపోయింది. లింగయ్య స్క్రూడ్రైవరూ సుత్తీ పట్టుకుని పొడిచారు. డబ్బా మూత తీస్తే, గాజు గొట్టాల్లో మందు తెల్లగా బిగుసుకుని ఉంది. రెండు చిట్లాయి.

మిగిలినవాటిని జేబులో వేసుకుని హీటర్ పక్కన కూర్చున్నారు. గంటలో కరిగాయి. మెరుస్తూ, ఏ పాపం ఎరగనట్టు, కొత్తవాటిలాగే ఉన్నాయి. ఫ్రిజ్‌లో పెట్టేస్తే ఎవరికీ తెలియదు. ఫ్రిజ్ దాకా నడిచారు. తలుపు పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. తర్వాత వర్షిణికి ఫోన్ చేశారు.

"పారెయ్యి బాపూ! సూడ్డానికి మంచిగనే ఉంటది, పని చెయ్యది. అమ్మకు అస్సలియ్యకు."

"ఇక్కడి మందుల షాపు?"

"అడిగిన. ఆ రకం లేదంట. టిమారు టౌను నుంచి రావాలె. మంచుకు రోడ్డు పొద్దున్నే మూసిన్రు. అమ్మ సూది ఏసుకునే ఇన్సులిన్ పెన్నుల ఎంతున్నదో సూడు."

పుష్పలత వంటగదిలో రొట్టెలు గుడ్డలో చుడుతోంది. లింగయ్య వెళ్లి, సర్వీసు మొత్తంలో ఏ అధికారికీ ఇవ్వని సంజాయిషీ ఇచ్చారు. ఆమె తిట్టలేదు. స్వెటర్ లోపలినుంచి పెన్ను తీసి వెలుతురుకు పట్టింది.

"రేపు పొద్దుగాలటి దాక అస్తది."

"నాకియ్యి. పానం లెక్క సూసుకుంట."

"నీ చేతికియ్య," అని మళ్లీ లోపల దోపుకుంది.

నాలుగింటికి చినుకు మొదలైంది. పడ్డ చినుకు పడ్డచోటే గాజైపోతోంది. లింగయ్య కిటికీ దగ్గర నిలబడి తీగలు చూశారు. అవి బరువెక్కి వంగుతున్నాయి. ఎంత వంగితే తెగుతాయో ఆయనకు తెలుసు. ఆ మేరకూ వంగాయి. చీకటి పడుతుండగా ఎక్కడో ఫెళ్లుమంది. హీటర్ ఆగిపోయింది.

"ఎప్పుడొస్తదయ్యా?" చీకట్లోంచి పుష్పలత అడిగింది.

హుజూరాబాద్ ఊరంతా ముప్పై నాలుగేళ్లు అడిగిన ప్రశ్నే. ఆయన ఎప్పుడూ ఇచ్చిన జవాబు 'అర్ధగంట'. పెళ్లిళ్లకూ, పరీక్షలకూ, ఎండుతున్న పొలాలకూ అదే చెప్పారు.

"నాకు తెల్వదు పుష్పా," అన్నారు లింగయ్య.

ఆమె కాస్త జరిగి దుప్పటి కొస ఎత్తింది. ఆయన వెళ్లి, పెన్ను ఉన్న వైపు ఆనుకుని, కదలకుండా కూర్చున్నారు.