ఆపరేషన్ అక్కర్లేదని చెప్పించుకుందామని వెళ్లిన రోజు

నడుం నొప్పితో ఢిల్లీ ఆసుపత్రికి బయలుదేరే మనవాళ్లు నన్ను దారి అడుగుతుంటారు. నాకు తెలిసిన దారి తొంభైల నాటిది. అప్పట్లో నోయిడాలో మాకు టీవీలు బాగుచేసే చిన్న దుకాణం ఉండేది. పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, పాడైన సెట్లు విప్పి చూసి నేర్చుకున్నాను. ఒకరోజు మూడో అంతస్తు నుంచి పెద్ద టీవీ దింపుతుంటే నడుంలో డిస్కు జారి, ఎడమ కాలికి వెళ్లే నరాన్ని నొక్కింది. రెండు నెలలు మందులతో చూద్దాం, తగ్గకపోతే ఆపరేషన్ అన్నారు డాక్టరు. రెండో నెలలో కాల్లో మంట దానంతటదే తగ్గింది. నడుం పట్టేసినట్టే ఉండేది కానీ, పిక్కలోకి కరెంటు కొట్టినట్టు ఉండడం ఆగిపోయింది. నా భార్య సుగుణ దేవుడికి కొబ్బరికాయ కొట్టింది. ఇక ఆపరేషన్ అక్కర్లేదని డాక్టరు నోట అనిపించుకోవడానికే ఆ ప్రయాణం.

ఉదయం పదింటికి బస్సెక్కాం. యమున దాటి ఆశ్రమ్ అనే కూడలి దగ్గర దిగి, రింగ్ రోడ్డు మీద వెళ్లే బస్సు మారాలి. రెండు బస్సులకూ కలిపి మనిషికి తొమ్మిది రూపాయలు. ఆటో త్వరగా చేరుస్తుంది కానీ, ఒక్కో గుంతకీ ప్రాణం పోతుంది. బస్సులో వెనక చక్రాల మీద కుదుపు ఎక్కువ కాబట్టి మధ్యలో కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. కూర్చుంటే లేవలేను. కండక్టరుకు అది వింతగా తోచింది. "బైఠ్ జాయియే బాబూజీ, సీటుకి వేరే టికెట్ లేదు" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. సుగుణ ఎమ్మారై ఫిల్ము ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఆశ్రమ్‌లో దిగి నాలుగడుగులు వేశాక ఎవరో వెనక నుంచి పిలిచి, నా ఎడమ చెప్పు బస్సు మెట్టు దగ్గర ఊడిపోయిందని చూపించారు. ఊడినట్టు నాకు తెలియనే లేదు. ఆ నెలలో అది చాలాసార్లు జరిగింది. పట్టీ సాగిపోయిందని సుగుణ తేల్చేసింది. క్లినిక్ మధ్యాహ్నం రెండింటికి కాబట్టి ముందు సరోజినీ నగర్ బజారుకి వెళ్లి, మడమ వెనక బకిల్ ఉన్న చెప్పులు చూశాం.

"వేసుకుని పరిగెత్తండి అంకుల్, ఊడితే నన్నడగండి" అన్నాడు అమ్మేవాడు.

"పరిగెత్తడం ఎందుకు భయ్యా, నడిస్తే చాలు. యాభైకి ఇవ్వు" అంది సుగుణ. అరవైకి ఇచ్చాడు. పాతవి సంచిలో వేసుకుంది.

ఆసుపత్రి వరండాలో గోడకానుకుని నిలబడే, తెచ్చుకున్న పులిహోర తిన్నాను. మా వంతు వచ్చేసరికి నాలుగైంది. ఈసారి లోపల ఉన్నది వయసులో చిన్న డాక్టరమ్మ. నేను నోరు తెరవకముందే సుగుణ తనకొచ్చిన హిందీలో, కాలు నొప్పి పోయిందని సంతోషంగా చెప్పింది. ఆవిడ అచ్ఛా అని, మడమల మీద నడవమన్నారు. కుడి పాదం ముందుభాగం లేచింది. ఎడమది నేలకు టపామని కొట్టుకుంది. బల్ల మీద పడుకోబెట్టి బొటనవేలు పైకెత్తమన్నారు. ఎత్తుతున్నాననే అనుకున్నాను. అది కదలలేదు.

చెప్పు ఊడిపోతోందా అని అడిగారు. ఊడేదని, అందుకే ఇప్పుడే ఇవి కొన్నామని సుగుణ కొత్త చెప్పులు చూపించింది. డాక్టరమ్మ కలం పక్కన పెట్టారు.

"నొప్పి తగ్గింది నరం కోలుకుని కాదు, అది చచ్చుబడుతోంది. రేపు పొద్దున్నే చేరండి. పాదంలో కదలిక తిరిగి వస్తుందని మాట ఇవ్వలేను. ఉన్నది పోకుండా చూస్తాం."

సుగుణ నా వైపు తిరిగి తెలుగులో మెల్లగా అంది. "అయితే పాత చెప్పులు బాగానే ఉన్నాయన్నమాటండీ."

తిరుగు బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నాయి. ఆమె కూర్చోలేదు. నోయిడా దాకా నా పక్కనే కడ్డీ పట్టుకుని నిలబడింది.

ఆపరేషన్ జరిగింది. పాదం రాలేదు. నడుం నొప్పీ పోలేదు, నాతోనే ముసలిదవుతోంది. మేడలెక్కి చేసే పనులు మానేశాను. దుకాణం కొన్నాళ్లకు మూతపడింది. ఇన్నేళ్లలో నేను ఎవరితోనూ అనని మాట ఒకటుంది. ఆ రెండో నెల మా ఇంట్లో పండగలా గడిచింది. రాత్రుళ్లు నిద్రపోయాను, సుగుణ పాటలు పాడుకుంటూ వంట చేసింది. ఆ నెలంతా నా కాలు పోతూ ఉంది. శరీరం ఇచ్చే శుభవార్తను ఆ తర్వాత ఎన్నడూ నమ్మలేకపోయాను.

వెళ్లేవాళ్లకు ఒక్కటే చెప్పగలను. దారి ఎవరైనా చెబుతారు, ఇప్పుడు మెట్రో కూడా ఉంది. నొప్పి ఎంత తగ్గినా రోజూ ఉదయం గోడ పట్టుకుని మడమల మీద నాలుగడుగులు వేసి చూసుకోండి. పాదం ముందుభాగం లేవకపోతే డాక్టరు ఇచ్చిన తేదీ దాకా ఆగకండి. మూత్రం రాకుండా ఆగిపోయినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా ఆ పూటే వెళ్లండి.