పెద్దముడియం ఓబులేసు

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు నవ్వొచ్చేది. మాది జమ్మలమడుగు. ఇరవై ఏళ్లుగా ప్రొద్దుటూరులో చీరల అంగట్లో పని చేస్తున్నాను. లేనిది ఉన్నట్టు చెప్పడమే మా పని కాబట్టి, ఇంకొకరి కట్టుకథ ఇట్టే పసిగడతాను.

కొనడానికి వచ్చినామె వెనకాడితే, "నిన్ననే పెద్దముడియం ఆమె ఇదే చీర తీసుకుపోయిందమ్మా" అంటాం. అట్లాంటి ఆమె ఎక్కడా ఉండదు. బేరం మాత్రం కుదురుతుంది.

పోయిన ఏడాది మా అన్నకు కడుపులోని పెద్ద రక్తనాళం ఉబ్బిందని స్కానింగులో తేలింది. అన్నకు పులివెందుల పక్కన చీనీతోట, అంటే బత్తాయి తోట ఉంది. ఆపరేషన్ చేయకుంటే ఎప్పుడైనా పగలొచ్చని, పగిలితే ఆసుపత్రి దాకా కూడా రాలేరని డాక్టరు చెప్పాడు.

అన్న మొండికేశాడు. "కోసినాక మల్లా లేసేదేముంది? నా తోటలోనే పోతా" అన్నాడు. వదిన ఏడుపు చూడలేక నేను అంగడి విద్య వాడేశాను.

"పెద్దముడియంలో ఓబులేసని ఒకాయన ఉండాడన్నా. ఇదే ఆపరేషన్. ఇప్పుడు శనగచేను దున్నుకుంటాండాడు."

నమ్మకం కుదరాలని ఆయన ఎడమ చెవికి ఒంటిపోగు కూడా మాటల్లోనే తగిలించాను. ఆ పేరు అప్పటికప్పుడు నోటికొచ్చింది, అంతే. అన్న సరేనన్నాడు.

ఆపరేషన్‌కు ముందురోజు మధ్యాహ్నం. తిరుపతి ఆసుపత్రిలో రోగి దగ్గర ఉండడానికి ఒక్క పాసే ఇచ్చారు. అది వదిన దగ్గరుంది. నేను వార్డు తలుపు బయట బెంచీ మీద కూర్చున్నాను. లోపలికి ఇంకో దారి లేదు. సాయంత్రం దాకా నర్సులు తప్ప ఎవరూ లోపలికి పోలేదు. నేను కునుకు కూడా తీయలేదు.

సాయంత్రం వదిన బయటికొచ్చి పాసు నాకిచ్చింది. పోయి చూస్తే అన్న ముఖం తేటగా ఉంది.

"మీ ఓబులేసు ఇప్పుడే వచ్చిపోయినాడు రా. శానా మంచోడు. చొక్కా ఎత్తి కోత చూపిచ్చినాడు. నీ తమ్మున్ని గూడా స్కానింగ్ తీపిచ్చుకోమను, ఆలస్యం చేయొద్దు అన్యాడు."

ఎగతాళి అనుకున్నాను. బయటికొచ్చి వదినను అడిగాను. ఆమె కూడా చూసిందట. ఎడమ చెవికి ఒంటిపోగు. రొమ్ము కింది నుంచి బొడ్డు దిగువదాకా కోత. నీళ్లిస్తే ముట్టలేదట. కోత ఎట్లుంటుందో అప్పటికి నాకే తెలియదు.

అన్న బతికాడు. ఇంటికి పంపేటప్పుడు, ఇది అన్నదమ్ముల్లో కూడా ఉండొచ్చు, తమ్ముడూ చూపించుకోవాలని డాక్టరు అన్నాడు. "ఓబులేసు అప్పుడే చెప్పినాడు సార్" అన్నాడు అన్న, గర్వంగా.

నేను నాలుగు నెలలు తప్పించుకు తిరిగాను. ఒకరోజు పెద్దముడియం పోయి ఇంటింటా విచారించాను. ఒంటిపోగు ఓబులేసు ఎవరికీ తెలియదు. చివరికి స్కానింగ్ తీయించుకున్నాను. నా కడుపులోనూ అదే.

వచ్చే వారం ఆపరేషన్. నిన్న అన్న వచ్చి మంచం మీద కూర్చుని నా చెయ్యి పట్టుకున్నాడు.

"భయపడాకు రా. ఓబులేసుకు కబురు పెట్టు. వచ్చి ధైర్యం చెప్తాడు."

తలూపాను. ఆ మనిషిని నేనే కల్పించానని అన్నకు ఇంతవరకూ చెప్పలేదు. వచ్చినవాడు ఎవరో ఎంత ఆలోచించినా నాకు అంతుబట్టడం లేదు. కబురు పెట్టాలన్నా ఎక్కడికని పెట్టను? అన్న దగ్గరికి కూడా నేను పిలవకుండానే వచ్చాడు.